బల్లగుడ్డ మీద ఉత్తరం

నెలలో మొదటి గురువారం.
ఒట్టావా కాలువ గడ్డకట్టింది,
పిల్లలు దాని మీద జారుతూ బడి ఎగ్గొడుతున్నారు.
ఆఫీసర్ల మెస్సులో, రెండో అంతస్తులో
నలభై ఒక్క కంచాలు సర్దాను.
పసుపు బఠాణీల సూపు.
ఆర్కిటిక్ చార్ చేప, మీద సోయికూర సాసు.
చివర మేపుల్ పాకం పోసిన పుడ్డింగు.
ఈ రెంటికీ మధ్య
దేశ భద్రత, నలభై నిమిషాలు.

ఇరవై రెండేళ్ళుగా నాకున్న నియమం ఒక్కటే:
ఉపన్యాసం నడుస్తుండగా చెంచా చప్పుడు కాకూడదు.
నిద్రపోయే పసిబిడ్డని పక్క మార్చినట్టు
ఎంగిలి కంచాలు ఎత్తుతాను.
అలా ఎన్ని యుద్ధాలు
ముళ్ళతో సహా వంటగదిలోకి మోసుకెళ్ళానో.

ఈసారి వక్త కమడోర్ లాంగ్‌మ్యూర్, రిటైరై ఆరేళ్ళు.
తెర మీద బొమ్మ రాలేదు. వైరేదో ఊడింది.
"పర్లేదు" అని ముందు బల్ల దగ్గరికొచ్చి
గ్లాసులు పక్కకి జరిపి
పొద్దున్నే నేను ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డని
ఉత్తర సముద్రం చేసేశాడు.

ఉప్పు సీసా మన మంచుకోత ఓడ.
మిరియాల సీసా వాళ్ళ జలాంతర్గామి.
వెన్నగిన్నె రాడారు కేంద్రం.
వరసగా పేర్చిన ఫోర్కులు నౌకామార్గం.
రొట్టెముక్కలు ఊళ్ళు.
వాటిలో రెండింటిని
మాట్లాడుతూ మాట్లాడుతూ నోట్లో వేసుకున్నాడు.

మేజర్ డూసెట్‌కి చెవులు సరిగా పనిచెయ్యవు.
"ముప్పు" అన్నప్పుడల్లా ఆయనకి "ఉప్పు" అని వినబడుతుంది.
పాపం, మర్యాదస్తుడు.
మూడోసారికి ఆ ఓడని ఎత్తి
పక్కాయనకి అందించాడు.
ఎవరూ నవ్వలేదు.
నేను వంటగది తలుపు దాకా ఆపుకున్నాను.

బల్ల చివర, ఎర్ర స్వెట్‌షర్టులో, సకియాసి.
ఇగ్లూలిక్ నుంచి మూడు విమానాలు మారి వచ్చిన రేంజరు.
పేరుచీటీలో ఒక అక్షరం తప్పు రాశాం.
దాన్ని తిరగేసి పెట్టుకున్నాడు, అంతే.
చేపని చర్మంతో సహా తిన్నాడు,
సాసుని మాత్రం అంచుకి తోసేసి.

ప్రశ్నల పేరుతో అందరూ
ఒక్కో ఉపన్యాసం ఇచ్చుకున్నాక
ఆయన లేవలేదు.
ముందుకు వంగి, చెయ్యి చాపి
అరచేత్తో గుడ్డని నిమిరాడు.
ఇస్త్రీ మడత దగ్గర ఆగాడు.

"ఇక్కడ కింద నీళ్ళు పరిగెడతాయి.
ఒకప్పుడు నవంబరుకి గట్టిపడేది.
ఇప్పుడు క్రిస్మస్ దాకా నమ్మలేం.
మా చెల్లెలి కొడుకు స్నోమొబైల్‌తో ఇక్కడే దిగిపోయాడు.
మీ ఓడ వస్తే సంతోషమే.
కానీ ఇక్కడ…"
వెతికాడు. ఫోర్కు ఎత్తి దాని కింద కూడా చూశాడు.
"ఇక్కడ మా ఊరుండాలి."

కమడోర్ నేప్‌కిన్‌తో మూతి తుడుచుకున్నాడు.
చెడ్డవాడని చెప్పను.
తన కంచంలోంచి రొట్టె అంచు ఒకటి తుంచి
పిల్లాడిలా పట్టుకుని నిలబడ్డాడు.
"ఎక్కడో చెప్పండి."
"కొంచెం పైకి.
ఇంకొంచెం.
అదిగో."

ఒంటిగంటన్నరకి చప్పట్లు, జ్ఞాపిక, కోట్లు, కార్లు.

సీసాలు ట్రేలోకి తీశాను. ఓడలో ఉప్పు అయిపోయింది, నింపాలి.
గుడ్డని నాలుగు మూలలా పట్టుకుని
దులపబోయి
దులపలేకపోయాను.
మాది అకాడీ.
మా ముత్తాతల ముత్తాతలని
ఎవరి భోజనమయ్యాకో ఇలాగే దులిపేశారు,
ఒక్కో తునక ఒక్కో తీరంలో పడింది.
మా ఇంట్లో ఆ కథ ఎవరూ పూర్తిగా చెప్పరు.

వచ్చే నెల సైబర్ భద్రత.
కోడి వేపుడు. శాకాహారులు ఆరుగురు,
ఒకరికి గింజలు పడవు.

ఆ రొట్టె అంచు నా ఏప్రాన్ జేబులోనే ఉంది.
రాయిలా ఎండిపోయింది.
ఉతికే ముందు ప్రతిసారీ తీసి
మళ్ళీ అందులోనే వేస్తున్నాను.